సన్నాయి పక్కన కీబోర్డు

పెళ్లిళ్ల రోజుల్లో సింహాచలంలో సన్నాయి, డోలు పక్కన కీబోర్డు కనిపిస్తే మొహం చిట్లించేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ మేళమంటే ప్రాణం.

సన్నాయి శ్రుతి దాని పొడవును బట్టి ఖాయం. కీబోర్డే ట్రాన్స్‌పోజ్ మీట నొక్కుకుని దాని దారికి రావాలి. వచ్చినా మెట్టుకూ మెట్టుకూ మధ్యనున్న గమకం దానికెక్కడ అందుతుంది? సన్నాయి విద్వాంసుడు రంధ్రాన్ని వేలితో సగం మూసి, పీక మీద పెదవి బిగువు సడలించి, ఊపిరితోనే స్వరాన్ని జారుస్తాడు. అంతకుముందు పీకను నోట్లో తడిపి, సన్నని పుల్లతో దాని నోరు సరిచేసుకుంటాడు. దారానికి వేలాడే ఆ విడి పీకలే ఆయన ఆస్తి. ఇక డోలు! కుడివైపు గట్టి తొడుగులు వేసుకున్న వేళ్లు, ఎడమవైపు కర్ర.

పాత వాద్యాల పక్కన కొత్తవి చేర్చే ఈ పనే జపాన్‌లో వాగక్కి బ్యాండ్ కూడా చేసింది. హాట్సునే మికు అనే కంప్యూటర్ గొంతు కోసం 2011లో పుట్టిన 'సెంబోన్‌జాకురా' పాటను షకుహాచి వేణువు, కోటో, షమిసెన్ అనే అక్కడి సంప్రదాయ వాద్యాలకు గిటారూ డ్రమ్సూ కలిపి వాయించింది. అందులో షకుహాచి ఊపిరి వింటే మన మేళమే గుర్తొస్తుంది.

గట్టిమేళం వేళ మాత్రం కీబోర్డు ఆగాలి. ఆ కాసేపూ సన్నాయిది, డోలుది.