తట్టని తలుపు: ‘జూ స్టోరీ’లో ఏకాకి

అసంబద్ధ నాటకం అనగానే మనిషి పుట్టుకతోనే ఒంటరి అనే తీర్మానంతో చర్చ మొదలుపెట్టడం కొందరికి అలవాటు. ఆ తీర్మానం ఒప్పుకున్నాక నాటకంలో చూడవలసిందేమీ మిగలదు. ఎడ్వర్డ్ ఆల్బీ ‘జూ స్టోరీ’ని అలా చదివితే దానికి అన్యాయం చేసినట్టే.

1959లో బెర్లిన్‌లో తొలిసారి ప్రదర్శించిన ఈ ఏకాంకికలో పాత్రలు రెండే. పీటర్ పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థలో పెద్ద ఉద్యోగి. భార్య, ఇద్దరు కూతుళ్లు, రెండు పిల్లులు, రెండు చిలకలు ఉన్నవాడు. ఆదివారం మధ్యాహ్నం న్యూయార్కు సెంట్రల్ పార్కులో తన అలవాటు బెంచీమీద చదువుకుంటుంటాడు. జెర్రీ అద్దెగదిలో బతికేవాడు. అతని దగ్గరున్న రెండు ఫొటో ఫ్రేములూ ఖాళీవే. ఇంటి యజమానురాలి కుక్కతో స్నేహం చేయబోయి మాంసం పెట్టాడు, లొంగకపోతే విషం పెట్టాడు. కుక్క బతికింది. చివరికి ఒకరి జోలికి ఒకరు పోని రాజీ మాత్రం మిగిలింది.

ఈ కథంతా విని పీటర్ తనకేమీ అర్థం కాలేదని తప్పుకోజూస్తాడు. బెంచీ ఖాళీ చెయ్యమనగానే మాత్రం తిరగబడతాడు. అది అందరి బెంచీ. ఏళ్లుగా కూర్చుంటున్నాడు గనుక తనదేనంటాడు. అన్నీ ఉన్నవాడు పార్కు బెంచీ కోసం కత్తి పడతాడు. ఆ కత్తి జెర్రీదే. దానిమీదికే దూకి, చనిపోతూ పీటర్‌కు కృతజ్ఞత చెబుతాడు జెర్రీ. సొంతం అనే తగాదా వస్తే తప్ప మనిషి మనిషిని తాకలేని సమాజమది. ఈ ఒంటరితనం విధి కాదు, దీనికి కారణాలున్నాయి.

అయితే ఆల్బీ చూపించి వదిలేసిన తలుపొకటుంది. జెర్రీ ఉండే ఇంట్లోనే మూడో అంతస్తులో ఒక స్త్రీ ఎప్పుడూ ఏడుస్తుంటుంది. జెర్రీ ఆ ఏడుపు వింటూనే వస్తూపోతూ ఉంటాడు. తలుపు తట్టడు. తనలాంటివాళ్లను దాటిపోయి, తన మాట వినే అవసరమే లేనివాణ్ణి పార్కులో ఎంచుకుంటాడు. ఈ ఎంపికను నాటకం ప్రశ్నించదు.

చిత్తూరు జిల్లాలో పుట్టిన డాక్టర్ కేశవరెడ్డి నవల ‘అతడు అడవిని జయించాడు’ను దీని పక్కన పెట్టి చూడాలి. తప్పిపోయిన పందికోసం రాత్రంతా అడవిలో తిరిగే ముసలివాడూ ఒంటరివాడే. కాని అతనికీ ఆ పందికీ నడుమ శ్రమ ఉంది, బతుకుతెరువు ఉంది. అందుకే అతని ఒంటరితనం పోరాటమైంది. జెర్రీకీ కుక్కకూ నడుమ అలాంటిదేదీ లేదు.

తిరుపతి విద్యార్థులెవరైనా ఈ నాటకం ఆడదలిస్తే పార్కు తెర గీయించే శ్రమ అక్కర్లేదు. తెరవెనుకనుంచి ఆ స్త్రీ ఏడుపు చివరిదాకా వినిపిస్తే చాలు. ప్రేక్షకుడు జెర్రీ చావుకు జాలిపడి ఊరుకోడు, ఆ తలుపెందుకు తట్టలేదని అడుగుతాడు.