సర్టిఫికెట్ మీద సంతకం

ఈ రోజుల్లో కక్షిదారు ఆఫీసులో కూర్చోగానే జేబులోంచి ఫోను తీస్తాడు. "అన్నీ ఇందులోనే ఉన్నాయండీ, మీ వాట్సాప్‌కు పంపేస్తాను" అంటాడు. నేను వద్దంటాను. వాట్సాప్ వీడియోను కుదించి పంపుతుంది. చూడ్డానికి అదే బొమ్మ, కోర్టు లెక్కలో మాత్రం అది వేరే ఫైలు.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం ఈ తేడాను మన గుమ్మంలోకే తెచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డుకు జత చేసే, పాత సాక్ష్య చట్టంలోని 65బి సర్టిఫికెట్‌కు ఒక్క సంతకం చాలేది. కొత్త 63వ సెక్షను కింద షెడ్యూలులోని నమూనాకు రెండు భాగాలున్నాయి. ఎ భాగం రికార్డు దాఖలు చేసే పక్షం నింపాలి, బి భాగం నిపుణుడు నింపాలి. పరికరం మోడలు, రంగు, సీరియల్ నంబరు, ఐఎంఈఐ, వీటితోపాటు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర అనుకోండి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర మారిపోతుంది.

ఇంత ముఖ్యమైన కాగితాన్ని చాలామంది జూనియర్లు ఇప్పటికీ చివరి వాయిదా ముందు రోజు తయారు చేస్తున్నారు. పాత కేసు సర్టిఫికెట్ తెరిచి, పేర్లు మార్చి, కక్షిదారుతో సంతకం పెట్టిస్తారు. అతను బోను ఎక్కాక అవతలి న్యాయవాది తాపీగా అడుగుతాడు: "ఈ హ్యాష్ ఎవరు తీశారు? ఏ ఫోను నుంచి? ఆ ఫోను ఇప్పుడెక్కడుంది?" నిజమే చెప్పడానికి వచ్చిన మనిషి మూడో ప్రశ్నకే అబద్ధాలకోరులా కనిపిస్తాడు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. కేసు పోవడం ఒకటి, నిజాయతీపరుడి మాట మన అశ్రద్ధ వల్ల చెల్లకుండా పోవడం మరొకటి.

అందుకే మొదటి రోజే ఎ భాగం ఎదురుగా పెట్టుకుని, ఒక్కో వాక్యం తెలుగులో చదివి వినిపించి నింపించాలి. ఫోను కొడుకు పేర కొన్నారు, వాడేది తల్లి అనుకోండి. అప్పుడు సంతకం తల్లిదే కావచ్చు. పరికరం సొంతమా, నిర్వహణలో ఉందా, వాడకంలో ఉందా అని ఆ నమూనాయే విడివిడిగా అడుగుతుంది. ఫోను మార్చవద్దని, చాట్ తుడవవద్దని, రీసెట్ చేయవద్దని రాసి ఇవ్వాలి. ఎదురుగా ఉన్న దుకాణం సీసీ కెమెరాలో దృశ్యం ఉందంటే వాయిదా దాకా ఆగకూడదు. డీవీఆర్‌లో పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కిపోతాయి. ఆ రోజే నోటీసు పంపాలి.

సర్టిఫికెట్ ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వకపోతే? ఈ ప్రశ్నకు జవాబు కోసం అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు 2020 జూలైలో ఇచ్చిన తీర్పును ప్రతి జూనియరూ మొత్తంగా చదవాలి. అంతకుముందు దారి వంకరటింకరగా నడిచింది. సర్టిఫికెట్ లేకున్నా ఫర్వాలేదని 2005లో పార్లమెంటుపై దాడి కేసులో, తప్పనిసరి అని 2014లో అన్వర్ కేసులో అన్నారు. 2018లో మళ్లీ సడలించారు. ఖోట్కర్ కేసు మహారాష్ట్రలోని జాల్నా ఎన్నికకు సంబంధించింది. నామినేషన్లు గడువు దాటాక అందాయా లేదా అన్నది తేల్చే వీడియోలు ఎన్నికల అధికారుల దగ్గరున్నాయి. పిటిషనర్లు అడిగినా వాళ్లు సర్టిఫికెట్ ఇవ్వలేదు. సర్టిఫికెట్ తప్పనిసరే అంటూనే, చేయగలిగిందంతా చేసినవాడిని శిక్షించకూడదని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. కాబట్టి అడిగిన లేఖ, అందినట్టు రసీదు, తెప్పించమని కోర్టులో వేసిన పిటిషను మన బండిల్‌లో ఉండి తీరాలి. యజమానే అసలు ఫోను తెచ్చి బోనులో రుజువు చేస్తే సర్టిఫికెట్ అక్కర్లేదనీ ఆ తీర్పు అంది. అయితే ఆ ఫోను కోర్టులోనే ఉండిపోవచ్చని కక్షిదారుకు ముందే చెప్పండి.

బి భాగం దగ్గర నాకు దిగులుగా ఉంది. జిల్లా కేంద్రంలో నిపుణుణ్ణి వెతికి ఫీజు కట్టడం కూలి చేసుకునేవాడికి అయ్యే పనేనా? జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఈ ఖర్చు భరించాలని గట్టిగా అడుగుతున్నాను. ఫ్యామిలీ కోర్టుకు మాత్రం 1984 చట్టం 14వ సెక్షను సాక్ష్యం స్వీకరించడంలో కొంత వెసులుబాటు ఇచ్చింది, దాన్ని వాడుకోండి.

కొత్త చట్టం అమలయ్యే నాటికే పెండింగులో ఉన్న కేసులకు 170వ సెక్షను ప్రకారం పాత చట్టమే వర్తిస్తుంది. కేసు నంబరులో సంవత్సరం చూశాకే కాగితం తయారు చేయండి.

ఇక మీరు అవతలి పక్షంలో ఉంటే, పెన్‌డ్రైవ్ మార్క్ అవుతుండగానే లేచి అభ్యంతరం చెప్పాలి. సర్టిఫికెట్ లేదన్న మాట రుజువు చేసే పద్ధతికి సంబంధించిందనీ, దాన్ని అప్పీలులో మొదటిసారి లేవనెత్తడం కుదరదనీ 2017లో సోను కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటితో అంటే చాలదు, ఆ అభ్యంతరాన్ని డిపోజిషన్‌లో రాయించి, మరుసటి రోజే కాపీ అప్లికేషన్ పెట్టి అది ఎక్కిందో లేదో చూసుకోండి.