బాన్సువాడకి రైడ్ కట్టాలంటే

తెలుగు సినిమాల మీద ఒక థీమ్ పార్క్ గీయమంటే చాలామంది మాహిష్మతితోనే మొదలుపెడతారు. రామోజీ ఫిల్మ్ సిటీలో ‘బాహుబలి’ సెట్ ఇప్పటికే టూరిస్టుల చోటు. సినిమాలోని మాహిష్మతికి వేరే ఊరు లేదు, సెట్టే దాని ఊరు. మరి శేఖర్ కమ్ముల ‘ఫిదా’కి (2017) రైడ్ కట్టాలంటే?

దాని ఊరు నిజంగానే ఉంది, కామారెడ్డి జిల్లాలో. డిజైనర్లు ఏం చేస్తారో ఊహించొచ్చు: ఫైబర్ పెంకుటిల్లు, పట్టాల మీద ట్రాక్టర్, స్పీకర్లో రికార్డు చేసిన తెలంగాణ యాస. జనం నవ్వుతారు. చిక్కంతా ఆ నవ్వుతోనే. మన సినిమాలు ఈ యాసని ఏళ్ల తరబడి కమెడియన్లకీ రౌడీలకీ వదిలేశాయి. ‘ఫిదా’ దాన్ని హీరోయిన్‌కి ఇచ్చింది. సాయిపల్లవి సొంత గొంతుతో డబ్బింగ్ చెప్పింది. భానుమతి కోపం, ప్రేమ, నాయన మీద బెంగ, అన్నీ ఆ యాసలోనే. రైడ్ దాన్ని మళ్లీ కామెడీ సరుకు చేస్తుంది.

ఇంకో చిక్కుంది. రైడ్ ఎక్కినవాళ్లని ఎక్కినచోటే దించేస్తుంది. ‘ఫిదా’ నడక అది కాదు. పెళ్లంటే అమ్మాయే ఊరు విడవాలన్న రూలుని తిప్పేసి, అమెరికా వదిలి ఆమె ఊళ్లో ఉండటానికి వరుణ్‌ని సిద్ధం చేస్తుంది.

అందుకే నా డిజైన్‌లో బండి కదలదు. చీకట్లో కూర్చుని వినాలి: పొలం మోటరు చప్పుడు, అక్కాచెల్లెళ్ల ముచ్చట, నాయన పిలుపు. నవ్వొస్తే మాటకి రావాలి, యాసకి కాదు. బయటికెళ్లే తలుపు మాత్రం బాన్సువాడ బస్టాండ్‌లోకి తెరుచుకోవాలి.