వాగ్దాన కార్డుకు అటూ ఇటూ

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక చాలా తెలుగు సంఘాల్లో వాగ్దాన కార్డులు పంచుతారు. పళ్ళెంలో బోర్లించిన కార్డుల్లోంచి తలా ఒకటి తీసుకుంటారు. చేతికొచ్చిన వచనమే ఆ ఇంటికి ఏడాదంతా వాగ్దానం. అది బీరువా తలుపు మీదికో, బైబిలు అట్ట లోపలికో చేరుతుంది. పెళ్లి సంబంధమైనా, పరీక్షైనా, ఆపరేషనైనా, ముందు ఆ మాటే గుర్తొస్తుంది.

చీటీ తీస్తే దేవుడి చిత్తం తెలుస్తుందా అని పెదవి విరిచే విశ్వాసులూ ఉన్నారు. వాళ్ల అనుమానంలో న్యాయం ఉంది. అయితే చీటీతో మొదలుపెట్టి అక్కడితో ఆగని పద్ధతి ఒకటి దాదాపు మూడు వందల ఏళ్లుగా నడుస్తోంది. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ విశ్వాసులకు వాళ్ల నాయకుడు కౌంట్ జిన్‌జెన్‌డార్ఫ్ 1728 మేలో రోజుకో మాట ఇవ్వడం మొదలుపెట్టాడు. 1731 నుంచి అది ఏటేటా పుస్తకంగా వస్తోంది. పాత నిబంధన వచనాన్ని ఇప్పటికీ చీటీ వేసే తీస్తారు. దానికి జతగా కొత్త నిబంధన వచనాన్ని మాత్రం మనుషులే ఆలోచించి ఎంచుతారు. ఒక పాటో ప్రార్థనో కూడా చేరుస్తారు. అనుకోకుండా వచ్చిన మాట పక్కన ఆలోచించి ఎంచిన మాట పెట్టడంలోనే ఈ పద్ధతి తెలివంతా ఉంది.

వాక్యాన్ని వాక్యంతోనే సరిచూడాలన్న పాఠం సువార్తలోనే కనిపిస్తుంది. మత్తయి 4వ అధ్యాయంలో యేసును దేవాలయ శిఖరం మీంచి దూకమంటూ సాతాను 91వ కీర్తనను వల్లిస్తాడు. వచనం నిజమైనదే, వాడిన తీరు వంకర. యేసు ద్వితీయోపదేశకాండంలోని మాటతో దానికి అడ్డుకట్ట వేస్తాడు. లేఖనం నోటికి వచ్చినంత మాత్రాన దారి తెలిసినట్టు కాదని ఆ ఘట్టమే చెబుతోంది.

క్యాలెండర్ల మీద, గోడల మీద తరచూ కనిపించే యిర్మీయా 29:11నే తీసుకోండి. మేలైన భవిష్యత్తు ఇస్తానని దేవుడు చెప్పే మాట అది. ఉద్యోగం కోసం ఎదురుచూసే కుర్రాడికి అది ఎంతో ధైర్యం. కానీ అది బబులోనుకు చెరగా పోయినవాళ్లకు ప్రవక్త రాసిన ఉత్తరంలోది. దానికి పై వచనంలోనే డెబ్బై ఏళ్లు ఆగాలని ఉంది. ఇంకా పైన, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం బాగు కోరండి అని ఉంది. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని ఊరించిన హనన్యా అబద్ధ ప్రవక్తని 28వ అధ్యాయం చెబుతుంది. ఆ ఉత్తరమంతా చదివినవాడికి ధైర్యం తగ్గదు. ఎదురుచూసే రోజుల్లో చేయాల్సిన పనేమిటో కూడా తెలుస్తుంది.

అలా నింపాదిగా చదవడానికి మఠాల్లో ఒక క్రమం ఏర్పడింది. 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని కార్తూసియన్ సన్యాసి రెండవ గీగో దాన్ని నాలుగు మెట్లుగా రాశాడు. మొదట చదవడం, తర్వాత ఆ మాటను మనసులో నెమరువేయడం, ఆపైన దాన్నే ప్రార్థనగా దేవుడికి తిరిగి చెప్పుకోవడం, చివరికి ఏమీ అడగకుండా ఆయన సన్నిధిలో నిలవడం. తెల్లవారుజామున బైబిలు ముందేసుకుని కూర్చునే మన ఇళ్లలోని అమ్మమ్మలు గీగో పేరు విని ఉండరు. ఆ మెట్లు మాత్రం వాళ్లకు అలవాటే. ఇంట్లో అర్థం కానిదాన్ని గృహకూడికలో నలుగురి ముందు పెడతారు. తనకు నచ్చిన అర్థమే దేవుడి మాట అనుకునే ప్రమాదం అక్కడ కొంత తగ్గుతుంది.

ఇంతా చేస్తే వాక్యం ప్రతి ప్రశ్నకూ జవాబు చెబుతుందా? లూకా 12వ అధ్యాయంలో ఒకడు యేసు దగ్గరికి వచ్చి, ఆస్తిలో నా పాలు పంచమని నా సహోదరుడితో చెప్పండి అంటాడు. మీకు తీర్పరిగా నన్ను ఎవరు పెట్టారని యేసు తోసిపుచ్చి, లోభం గురించి హెచ్చరిస్తాడు. పొలం పంపకాల్లో కొట్టుకుంటున్న అన్నదమ్ములు ఆ అధ్యాయం తెరిస్తే గట్టు ఎక్కడ వేయాలో దొరకదు. దానికి సర్వేయరు ఉన్నాడు. తాను అడుగుతున్నది న్యాయమో ఆశో తేల్చుకోమని మాత్రం అది ఇద్దరినీ నిలదీస్తుంది. క్రైస్తవులు లేఖనంలో వెతికే నడిపింపు చాలావరకు ఇలాంటిదే. నిర్ణయాన్ని మనకే వదిలి, నిర్ణయించే మనిషిని సరిచేస్తుంది.