పాళెము వెలుపల: తోరా వారపాఠాలలో వెలి, పునఃప్రవేశం

వ్యాససంగ్రహం: యూదుల వారపాఠ సంప్రదాయం క్లిష్టమైన పాఠ్యభాగాలను దాటవేయనివ్వదు. లేవీయకాండం 13, 14 అధ్యాయాలు, సంఖ్యాకాండం 12వ అధ్యాయం అటువంటివి. తెలుగు అనువాదంలోని ‘పాళెము’ అనే మాట ఆధారంగా ఈ భాగాలలోని వెలి, పునఃప్రవేశాల స్వరూపాన్ని ఈ వ్యాసం విశ్లేషిస్తుంది.

కీలకపదాలు: తోరా, వారపాఠం, పాళెము, అశౌచం, వెలి, మిర్యాము

1. ఉపోద్ఘాతం

యూద సంప్రదాయంలో తోరా 54 పాఠాలుగా విభక్తమైంది. విశ్రాంతి దినాలలో వాటిని వరుసగా చదివి, ఏడాదికొక ఆవృత్తి పూర్తిచేస్తారు. ‘సిమ్‌హాత్ తోరా’ పండుగనాడు ద్వితీయోపదేశకాండం ముగించి, వెంటనే ఆదికాండం మొదలుపెడతారు. ఈ పద్ధతిలో పాఠాన్ని ఎంచుకొనే స్వేచ్ఛ పాఠకునికి లేదు. తజ్రీయ, మెత్సోరా పాఠాలు (లేవీయ. 12–15) చర్మవ్యాధులను, స్రావాలను, అశౌచాన్ని వివరిస్తాయి. బోధకుడు తనకు నచ్చిన వాక్యాన్ని ఎంచుకొనే పద్ధతిలో ఇవి పక్కన పడిపోయే అవకాశం ఎక్కువ.

తెలుగునాట ఈ భాగాలకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరు కేంద్రంగా స్థిరపడింది. ఉదయగిరి, ఆత్మకూరు తరువాతి కాలంలో దాని కేంద్రాలయ్యాయి. ఆ మిషన్ ద్వారా క్రైస్తవంలో చేరినవారిలో మాదిగలు అధికసంఖ్యాకులు. గుంటూరు ప్రాంతంలోని కొత్తరెడ్డిపాలెంలో యూదులుగా తమను తాము గుర్తించుకొన్న బెనె ఎఫ్రాయిమ్ సమాజం కూడా మాదిగ, క్రైస్తవ నేపథ్యం నుంచి వచ్చినదే. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వెలువరించిన గ్రంథం ఈ సమాజాన్ని కులప్రశ్నతో ముడిపెట్టి పరిశీలించింది. అంటరానితనాన్ని అనుభవించిన సమాజాలు అశౌచవిధిని ఏ అర్థంలో చదవాలి అన్నది ఇక్కడ ఎదురయ్యే ప్రశ్న.

2. ‘పాళెము’: అర్థవిస్తృతి

రోగి నివాసం ‘మహనె’కు బయట ఉండాలని హీబ్రూ మూలం విధిస్తుంది. తెలుగు బైబిలు ఈ మాటను ‘పాళెము’గా అనువదించింది. సేనావిడిది అన్న అర్థంలో ఇది సరైన అనువాదమే. 1514లో శ్రీకృష్ణదేవరాయలు వశపరచుకొన్న ఉదయగిరి దుర్గసీమలో ఆ అర్థం చరిత్రకు దగ్గరైనది కూడా. అయితే నెల్లూరు సీమ వాడుకలో పాళెం ఒక నివాసస్థలం. ఎన్నో ఊళ్ల పేర్లకు అది చివరిపదం. ఊరి శివారున వెలసిన చిన్న నివాసాలకూ ఆ పేరు ఉంది. మూలంలో పాళెము లోపలి స్థలం, అందరూ కలిసి ఉండే చోటు. శివారు పాళెంలో పుట్టిన పాఠకునికి ఊరివాళ్ల దృష్టిలో తన పాళెమే వెలుపల. అనువాదకులు ఉద్దేశించని ఈ వైరుధ్యం వల్ల పాఠం అతనికి పరాయిది కాకుండా పోతుంది.

3. వెలి కంటె విస్తృతమైన పునఃప్రవేశం

తెలుగులో ‘కుష్ఠుపొడ’ అయిన ‘త్సారాఅత్’ నేటి కుష్ఠువ్యాధి ఒక్కటే కాదు. అది బట్టలకు, ఇంటిగోడలకు కూడా సోకుతుందని మూలమే చెబుతుంది. రోగి బట్టలు చింపుకొని, పైపెదవి కప్పుకొని, తాను అపవిత్రుడనని కేకవేస్తూ ఒంటరిగా బతకాలన్న విధి రెండు వచనాలలో (13:45–46) ముగుస్తుంది. స్వస్థుడైనవానిని తిరిగి చేర్చుకొనే విధికి ముప్పైరెండు వచనాలు (14:1–32) పట్టాయి. ఆ విధి యాజకుడు పాళెము దాటి రోగి వద్దకు వెళ్లడంతో ఆరంభమవుతుంది. పేదవానికి తక్కువ ఖర్చుతో అర్పణ చేసే వెసులుబాటు కూడా అందులో ఉంది.

ఈ అశౌచం ఎవరికైనా రావచ్చు, పోవచ్చు. కులవ్యవస్థ అంటగట్టిన అశౌచం పుట్టుకతో వస్తుంది. దానికి పరీక్ష లేదు, గడువు లేదు, తిరిగి చేరే విధి లేదు. ఈ భేదాన్ని గుర్తించినా లేవీయవిధిని ఆదర్శీకరించడం తగదు. వ్యాధి నయం కానివాడు వెలుపలే మిగులుతాడు. నిర్ణయాధికారం యాజకుని చేతిలోనే ఉంటుంది.

4. నీతివ్యాఖ్యానం: పరిమితి

‘మెత్సోరా’ అన్న పదాన్ని ‘అపనింద మోపేవాడు’ అన్న అర్థమిచ్చే ‘మోత్సీ షేమ్ రా’తో జతచేసి, ఈ వ్యాధిని చెడుమాటకు శిక్షగా తల్మూదు (అరాఖీన్) వ్యాఖ్యానించింది. వాక్కుకు బాధ్యత ఉండాలన్న బోధగా ఇది విలువైనదే. కానీ లేవీయకాండంలోని ఈ రెండు అధ్యాయాలు రోగి వ్యాధికి కారణమైన పాపమేదో పేర్కొనవు. ప్రాయశ్చిత్త బలి ఉన్నా, ఏ దోషానికన్నది పాఠం చెప్పదు. బాధను బాధితుని దోషానికి ఫలంగా చూపే వ్యాఖ్యానం పూర్వజన్మ కర్మను చూపి అంటరానితనాన్ని సమర్థించిన తర్కానికి సమీపిస్తుంది. దళిత పాఠకుడు దీనిని ప్రశ్నించకుండా స్వీకరించడం కష్టం.

5. మిర్యాము: జనం ఆగిన ఏడు దినాలు

నీతివ్యాఖ్యానానికి బలమైన ఆధారం మిర్యాము కథ. మోషే చేసుకొన్న కూషీయురాలి విషయమై మిర్యాము, అహరోను మాట్లాడారు. శరీరం తెల్లబారినది మిర్యాముకే. ఇందులోని పక్షపాతాన్ని దాచలేము. అయితే ‘బెహాలోత్ఖా’ వారపాఠం (సంఖ్యా. 8–12) శిక్షతో ముగియదు. ఆమె పాళెము వెలుపల ఏడు దినాలు ఉంది. ఆమెను తిరిగి చేర్చుకొనేదాకా జనం ప్రయాణం సాగించలేదు. నదీతీరాన పసివాడైన మోషే కోసం ఆమె వేచి ఉన్నందుకు ఇది ప్రతిఫలమని మిష్నా (సోటా) చెబుతుంది. అంతకంటె ముఖ్యమైన అంశం మరొకటి: ఇక్కడ వెలి భారం లోపలివారిపై కూడా పడింది. ఒక్కరు బయట ఉండగా సమాజం ముందుకు కదలలేకపోయింది.

6. ముగింపు

తజ్రీయ, మెత్సోరా పాఠాలు చదివిన కొన్ని వారాలకే బెహాలోత్ఖా వస్తుంది. వారపాఠ క్రమం విధిని, కథను ఒకే ఋతుపరిధిలోకి తెచ్చి, ఒకదానితో మరొకదానిని పరీక్షించే అవకాశమిస్తుంది. విధి తిరిగి వచ్చే దారిని చూపింది. కథ నిరీక్షించే బాధ్యతను జనానికి అప్పగించింది. ఈ పాఠాల ఆధ్యాత్మికార్థం వ్యక్తి అంతశ్శుద్ధి దగ్గర ఆగిపోదు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల పాఠకుడు ‘పాళెము వెలుపల’ అన్న మాట చదివినప్పుడు, వెలుపల ఉన్నవాని పాపమేమిటన్న ప్రశ్నకు బదులు లోపలివారు ఎవరికోసం ఆగారన్న ప్రశ్న వేయగలగాలి. క్లిష్టమైన పాఠాలను వదలకుండా చదివించే సంప్రదాయం వల్ల కలిగే ప్రయోజనం అదే.