పాట ఎవరి నోట?

కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీ అనగానే మనవాళ్లకి తోచేది వ్యవసాయం, పశువైద్యం. 1964లో యూనివర్సిటీ హోదా వచ్చింది గానీ దాని వేరు 1874 నాటి వ్యవసాయ కళాశాలలో ఉంది. అక్కడ మైక్రోబయాలజీ చదివిన ఒకమ్మాయి ఊళ్లో జానపద క్లబ్బుల్లో పాడుతూ, హోటల్లో వడ్డన చేస్తే వచ్చిన టిప్పులు కూడబెట్టి 1981లో తొలి ఆల్బం వేసుకుంది. ఆమె జేన్ సిబెరీ. తర్వాత ఆమె పాటల్ని హాలీవుడ్‌ నుంచి జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ దాకా చాలామంది సినిమాల్లో పెట్టుకున్నారు. అందులో రెండు సందర్భాల్ని మన సినిమాల పక్కన పెట్టి చూస్తే, జనం నోళ్లలో నానిన పాటని తెచ్చి వాడటంలో ఎవరు గట్టిగా ఆలోచించారో, ఎవరు చేతికి అందింది వేసేశారో తెలిసిపోతుంది. నేను చూసేది ఒక్కటే: ఆ పాట సినిమాలో ఎవరి నోట పలికింది?

మొదటిది ఆటమ్ ఎగోయన్ తీసిన 'ద స్వీట్ హియరాఫ్టర్'. 1997లో కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ అందుకున్న సినిమా. రస్సెల్ బ్యాంక్స్ నవలలో న్యూయార్క్ రాష్ట్రంలో జరిగిన కథని ఎగోయన్ బ్రిటిష్ కొలంబియా మంచుకొండల్లోకి మార్చాడు. పిల్లలతో వెళ్తున్న స్కూలు బస్సు జారి గడ్డకట్టిన చెరువులో మునిగిపోతుంది. బతికి బయటపడ్డ పెద్దపిల్ల నికోల్. ఆ పాత్ర సారా పాలీది.

ప్రమాదానికి ముందు ఒక దృశ్యం ఉంది. జాతర మైదానం, ఇంకా జనం రాలేదు. వేదిక మీద నికోల్ బ్యాండుతో రిహార్సల్ చేస్తోంది. పాడేది సిబెరీ 1985లో చేసిన 'వన్ మోర్ కలర్'. సిబెరీ రికార్డులో సింథసైజర్ల మెరుపులతో విచ్చుకునే పాట ఇక్కడ పదిమందిలో ఒకమ్మాయి పాడుకునే స్థాయికి దిగింది. గొంతు సన్నం. గొప్పగా పాడాలన్న తాపత్రయం లేదు. కింద ఒక మగాడు నిలబడి తన్మయంగా చూస్తున్నాడు. ప్రియుడేమో అనుకుంటాం. తీరా చూస్తే తండ్రి. ఆ చూపులో ఏముందో సినిమా వెంటనే చెప్పదు. కొవ్వొత్తులు వెలిగించిన పశువుల కొట్టం దృశ్యం వచ్చేదాకా ఆగి, తండ్రి ఆమెని లైంగికంగా వాడుకుంటున్నాడని అప్పుడు చెబుతుంది. చక్రాల కుర్చీలో ఇంటికొచ్చిన నికోల్, నాకు కొవ్వొత్తుల వెలుగులో పెద్ద వేదిక కట్టిస్తానన్నావు గుర్తుందా అని తండ్రిని అడిగినప్పుడు, ముందు విన్న పాట వెనక్కొచ్చి మనల్ని కుదిపేస్తుంది. పాట మారలేదు, పాడిన పిల్లా మారలేదు. మనం విన్న తీరే తప్పని అర్థమవుతుంది. ఆ పిల్ల వాంగ్మూలంలో అబద్ధం చెప్పి బస్సు ప్రమాదం మీద లాయరు నడుపుతున్న కేసునంతా కూలగొట్టేది ఆ తర్వాతే. ఆ అబద్ధానికి బీజం రిహార్సల్ వేదిక మీదే పడిందని నా అభిప్రాయం.

ఇక్కడ వ్యాపారం మాట కూడా ఉంది. ఉన్న పాటని సినిమాలో పెట్టాలంటే పాట రాసినవాళ్ల హక్కు ఒకటి, రికార్డింగు హక్కు ఇంకొకటి, రెండూ కొనాలి. నటి చేతే మళ్లీ పాడిస్తే రెండోదాని అవసరం రాదు. ఎగోయన్ లెక్క డబ్బే అయినా, ఫలితం మాత్రం డబ్బుతో వచ్చేది కాదు. సిబెరీ గొంతే వినబడి ఉంటే మనం సిబెరీని వినేవాళ్లం, నికోల్‌ని కాదు.

ఇక రెండోది 2000లో మిమీ లెడర్ తీసిన 'పే ఇట్ ఫార్వర్డ్'. సిబెరీ 'కాలింగ్ ఆల్ ఏంజెల్స్' పాట చివర్లో వస్తుంది. అది 1991లో వెండర్స్ 'అంటిల్ ద ఎండ్ ఆఫ్ ద వరల్డ్' కోసం కె.డి. ల్యాంగ్‌తో కలిసి పాడిన పాట. 1999లో మీరెలాంటి పాట కడతారో ఊహించి ఇవ్వండని వెండర్స్ సంగీతకారుల్ని కోరిన సినిమా అది. 'పే ఇట్ ఫార్వర్డ్'లో మంచి చేయబోయిన పిల్లవాడు చనిపోతాడు, ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని ఇంటి ముందుకొస్తుంది, పాట పైనుంచి కురుస్తుంది. ఇక్కడా కొవ్వొత్తులే! ఒకచోట అవి తండ్రి పాపానికి వెలుగు, ఇంకోచోట ప్రేక్షకుడి జేబురుమాలుకి సంకేతం. పాట మంచిదే, ఏడుపూ వస్తుంది. కాకపోతే ఆ పాట ఎవరిదీ కాదు. వేరే ఏ విషాదగీతం పెట్టినా ఆ దృశ్యం అలాగే నడుస్తుంది.

గ్వెల్ఫ్‌లోనే పుట్టిన నీవ్ క్యాంప్‌బెల్ నటించిన 'స్క్రీమ్' (1996)లో నిక్ కేవ్ 'రెడ్ రైట్ హ్యాండ్' కూడా ఎవరి నోటా ఉండదు. కానీ అక్కడ పాటకి అప్పగించిన పని ఊరి మీద భయం పరచడం. ఆ పని నిజాయితీగా చేస్తుంది, అంతకుమించి అడగదు.

ఇప్పుడు మన వైపు. మన దగ్గర సినిమాకి పాట సినిమాతోనే పుడుతుంది కాబట్టి, బయటి పాట లోపలికి రావడం అరుదు. వచ్చినా రెండు దారులు. ఒకటి, పాత సినిమా పాటని రీమిక్స్ చేయడం. రెండోది, జనం పాటని తెచ్చుకోవడం.

రీమిక్సుల్లో నాకు నచ్చేది 'యమదొంగ' (2007). 'యమగోల' (1977)లో ఎన్టీఆర్ ఆడిన 'ఓలమ్మీ తిక్కరేగిందా' పాటని మనవడు తన గొంతుతో తనే పాడాడు, మమతా మోహన్‌దాస్ జతగా. రెండు సినిమాలూ యమలోకపు వరసవే. తాత పాట మనవడి నోట పలకడానికి కథలోనే చోటుంది, పైగా రాజమౌళి ఆ వారసత్వాన్ని దాచలేదు, బాహాటంగా ఊరేగించాడు. అభిమానుల కోసమే అంటారా? అవును, అయితే ఏం? నోరు ఎవరిదన్న స్పృహ ఉంది. 'దేవత' (1982)లోని 'ఎల్లువొచ్చి గోదారమ్మ' పాటని 'గద్దలకొండ గణేష్' (2019)లోకి తెచ్చినప్పుడు బిందెలన్నీ మళ్లీ వరసగా పేర్చారు, నాయిక పాత్రకి శ్రీదేవి అని పేరు కూడా పెట్టారు. కళ్లకి పండగే. ఆ పాత్ర మాత్రం పాట లేకపోయినా ఏమీ పోగొట్టుకోదు.

జనం పాట సంగతికొస్తే 'మా భూమి' (1979)తో పోల్చదగ్గది మన దగ్గర ఇంకొకటి లేదనుకుంటాను. కృష్ణచందర్ నవల ఆధారంగా, బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్ తీసిన తెలంగాణ సాయుధ పోరాట కథ. అందులో బండి యాదగిరి పాట 'బండెనక బండి కట్టి' గద్దర్ పాడతాడు. భుజాన గొంగడి, చేత కర్ర. కథానాయకుడు సాయిచంద్ పోషించిన రామయ్య, అయినా ఆ కాసేపు సినిమా రామయ్యని పక్కన నిలబెట్టి గద్దర్‌కి చోటిస్తుంది. నిజాముని నిలదీసే పాట అది, సినిమా కోసం ఒక్క అడుగు కూడా వెనక్కి తగ్గదు. ఎగోయన్ పాటని చిన్నది చేసి పాత్రలోకి ఇమిడ్చాడు. ఘోష్ మాత్రం కథని ఆపి పాటకి దారిచ్చాడు. రెండు పద్ధతులూ విరుద్ధం, రెండూ సరైనవే. ఎగోయన్ పాటకి కావలసింది రహస్యం, ఘోష్ పాటకి కావలసింది గుంపు. గద్దర్ అప్పటికింకా ఇంటింటికీ తెలిసిన ముఖం కాదు, అందువల్ల తారగా కాక పోరాట కాలం నుంచి నడిచొచ్చిన మనిషిలా కనిపిస్తాడు. 2011లో 'జై బోలో తెలంగాణ'లో ఆయన 'పొడుస్తున్న పొద్దు మీద' పాడేనాటికి పరిస్థితి తిరగబడింది: అక్కడ గద్దర్ వచ్చాడని చప్పట్లు పడతాయి, పాట ఆ చప్పట్ల వెనక నిలబడుతుంది. అది గద్దర్ తప్పు కాదు.

'మా భూమి'లోనే సుద్దాల హనుమంతు 'పల్లెటూరి పిల్లగాడా' ఉంది, పసులుగాసే పిల్లవాడి మీద పాట. నాలుగు దశాబ్దాల తర్వాత ఆయన కొడుకు సుద్దాల అశోక్ తేజ జానపద పల్లవి ఒకటి తీసుకుని 'లవ్ స్టోరీ' (2021)కి 'సారంగదరియా' రాశారు. మంగ్లీ పాడారు, సాయిపల్లవి ఆడింది, ఊళ్లు ఊగిపోయాయి. అంతకుముందే ఆ పాటని టీవీ వేదిక మీద పాడిన జానపద గాయని కోమలి అభ్యంతరం చెప్పారు. దర్శకుడు శేఖర్ కమ్ముల స్పందించి ఆమెకి గుర్తింపు ఇస్తామన్నారు. వివాదం చల్లారింది గానీ అడగాల్సిన ప్రశ్న అక్కడే ఉండిపోయింది. సిబెరీ పాటకి రాతలో హక్కుంది, చెక్కు ఎవరి పేరున రాయాలో ఎగోయన్‌కి తెలుసు. జానపదానికి రాసినవాళ్లు లేరు, ఉన్నది దాన్ని ఇన్నాళ్లు నోట నిలిపినవాళ్లే. ఆ నోటికి డబ్బు కట్టే పద్ధతి మన సినిమాకి ఇంకా చేతకాలేదు. ఒప్పందాల్లో ఆ గడి కూడా ముద్రించడం నిర్మాతలకి పెద్ద ఖర్చేమీ కాదు.