ప్రమాణసూచనల సంస్కరణము

ప్రాచీనగ్రంథములను బరిష్కరించువారు మూలపాఠమును దిద్దినపుడు పూర్వపాఠము నడుగున జూపుట మన కలవాటైన మర్యాద. నెట్‌వర్కు ప్రోగ్రాములు వ్రాయువారికై యేర్పడిన వివరణగ్రంథములలో నిపుడు ప్రమాణసూచనల సంస్కరణము జరుగుచున్నది. అందీ మర్యాద యెంతవఱకు నిలిచినదో పరిశీలింపవలసియున్నది.

ఆ వివరణములు తమ మాటలకు ఆధారముగా ఆర్.ఎఫ్.సి. లను పత్రములను సంఖ్యతో నుదాహరించును. కంప్యూటరులు పరస్పరము సమాచారము పంపుకొను నియమము లీ పత్రములందు గలవు. ఒకపరి ప్రకటితమైన పత్రము మరల మార్పబడదు. మార్పు వలసినచో క్రొత్తసంఖ్యతో వేఱొకటి వెలువడి పాతదానిని దొలగించును. టి.సి.పి. నియమములను దెలుపు 793వ పత్రము 1981లో వెలువడెను. 2022లో 9293వది దాని స్థానమునకు వచ్చెను. 793వ పత్రపాఠము నెన్నిమారులు చదివినను అది తొలగింపబడిన దను మాట యందు గానరాదు. కావున వివరణములందలి పాతసంఖ్యలను సవరింపవలె నను కోరిక సహజమే. నే నాక్షేపించునది కోరికను గాదు, ఒక్కొక్కచోట దానిని నెఱవేర్చు విధమును. సంఖ్యను వెదకి సంఖ్యను మార్చుటయే యచట సంస్కరణ మనిపించుకొనుచున్నది.

ఒక యుదాహరణము. వెబ్బుపుటలను దెచ్చి యిచ్చు హెచ్.టి.టి.పి. నియమములకు 1999లో 2616వ పత్రము ప్రమాణమయ్యెను. ఒక్క వాడుకరి కొఱకు నడచు ప్రోగ్రాము ఒక సర్వరుతో రెంటికి మించి కనెక్షనులు నిలుపదగదని యందలి 8.1.4 ప్రకరణమున గలదు. అది నిషేధము గాదు, హితోపదేశము. తగిన హేతు వున్నచో మీఱవచ్చును. 2014లో 2616 ఆఱు పత్రములుగా విభక్తమై, 2022లో మరల 9110, 9111, 9112 లుగా గూర్పబడెను. రెండను మితి 2014 నాడే విడువబడినది. నియతమైన సంఖ్య పెక్కింటి కాచరణయోగ్యము గాకపోయెనని 9112వ పత్రమే చెప్పుచున్నది. ఇపు డొక వివరణమున ‘2616 ననుసరించి కనెక్షనులు రెండు’ అని యుండగా, సంస్కర్త 2616ను దీసి 9112ను నిలిపె ననుకొందము. సంఖ్య నూతనము, వాక్య మసత్యము! పూర్వ మా వాక్యము పాతదే గాని నిజము. చదువరి 9112ను దెఱచి యా మితికై వెదకి వెదకి తన బుద్ధినే శంకించును. రెండను సంఖ్య యెచటనుండి వచ్చెనో తెలిసికొను దారియు మూసికొనిపోయినది.

ప్రకరణసంఖ్యల పాటు చెప్పనక్కఱలేదు. 404 అను ప్రత్యుత్తరము 2616లో 10.4.5, 9110లో 15.5.5. టి.సి.పి. స్థితిచిత్రము 793లో 6వది, 9293లో 5వది. వయస్సునుబట్టి యేఱివేయుటయు దగదు: 793తోపాటు 1981 సెప్టెంబరుననే వెలువడిన 791 నేటికిని ప్రమాణమే.

లినక్సు మాన్యువలు పుటల సంస్కర్తలు మేలైన త్రోవ ద్రొక్కిరి. పూర్వ మందు చెల్లు ప్రమాణములును గతించినవియు నొక్క శీర్షిక క్రిందనే కలగలిసి యుండెడివి. 2023లో చెల్లువానిని మాత్రము ప్రమాణముల శీర్షికయం దుంచి, తక్కినవానిని చరిత్ర యను శీర్షికకు దరలించిరి. గెట్‌హోస్ట్‌బైనేమ్ అను ఫంక్షను పోసిక్సు ప్రమాణమున 2001లో కాలము చెల్లినదిగా గుర్తింపబడి 2008లో తొలగింపబడినదనియు, దానికి మాఱుగా గెట్‌అడ్రిన్ఫో వాడదగు ననియు నా చరిత్రవలన దెలియును. పాతప్రోగ్రామును బాగుచేయువాని కింతకంటె నేమి కావలయును?

పలువు రుపయోగింపని సాధన మింకొకటి కలదు. స్థిరపడిన ప్రమాణములకు ఆర్.ఎఫ్.సి. సంఖ్యయే గాక ఎస్.టి.డి. యను వేఱు సంఖ్య యుండును. ఎస్.టి.డి. 7 అనగా టి.సి.పి.; 2022కు ముందది 793ను జూపెను, ఇపుడు 9293ను జూపుచున్నది. ఇది కావ్యనామమువంటిది, ఆర్.ఎఫ్.సి. సంఖ్య ఫలానా ప్రతి యని చెప్పుటవంటిది. ఈ నియమము నేడు చెల్లునని చెప్పువాడు మొదటిదానిని, ఈ వాక్యము నిందుండి గ్రహించితి నని చెప్పువాడు రెండవదానిని ప్రకరణసంఖ్యతో నుదాహరించుట యుక్తము.

పాతసంఖ్యలు క్రొత్తవారిని దారి తప్పించు నందురు. నిజమే. అట్టిచోట పాతసంఖ్య ప్రక్కన ‘తొలగింపబడినది, 9112 చూడుము’ అని చేర్చిన జాలును. చేర్చువాడు మాత్రము రెండు పత్రములలోని యా ప్రకరణములను బ్రక్కప్రక్కన నుంచి చదివియుండవలెను.